పేపరు మీద రెండు ఎర్ర మరకలు

ఫిబ్రవరి, సోమవారం

పొద్దున ఆరింటికి వంటింట్లో లైటు వేసి మొదట చూసింది పాత పేపరునే. నిన్న సాయంత్రం పండుమిర్చి సాస్ నింపిన 20 సీసాలు అట్టపెట్టె గడుల్లో రాత్రంతా తలకిందులుగా ఉన్నాయి, కింద పేపరు పరిచి ఉంది. ఒక్కొక్కటీ ఎత్తి చూస్తే 18 చోట్ల పేపరు పొడిగా ఉంది. రెండు చోట్ల ఎర్ర మరక. ఒకటి ఆవగింజంత, రెండోది మూత చుట్టుకొలతంతా గుండ్రంగా దిగింది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. అమ్మకానికి పార్సిల్ పంపితే దారిలో కారబోయే సీసా ఏదో ఇంట్లోనే తెలిసిపోతుంది.

రెండూ విప్పాను. మొదటిదాని గాజు అంచు మీద మిరపతొక్క ఒకటి, రవ్వ పలుకంత, అతుక్కుని ఉంది. మూత లోపలి మెత్తటి బిళ్ళ దాని చుట్టూ ఆనుకోలేక సన్నటి సందు వదిలేసింది. నింపాక అంచు తుడవలేదన్నమాట. రెండో సీసాలో తప్పు వేరు. చుక్కలుగా పడేందుకు మూతికి పెట్టే చిన్న ప్లాస్టిక్ బిరడా పూర్తిగా దిగలేదు, అర మిల్లీమీటరు పైకే ఉండిపోయింది. మూత గాజు మీద కూర్చోకుండా బిరడా మీద కూర్చుంది. అప్పుడు ఎంత బిగించినా చెయ్యి నొప్పే తప్ప లాభం లేదు. బిరడాను బొటనవేలితో నొక్కి వదిలేస్తే ఇలాగే అవుతుంది. స్టీలు గ్లాసు అడుగుతో నిలువుగా నొక్కాలి, 'టక్' అన్న చప్పుడు వినిపించాలి.

ఆ రెండూ ఇంటి వాడకానికి ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. మూత మార్చి పంపేద్దామని మనసుకు అనిపిస్తుంది కానీ, రాత్రంతా సందున్న సీసాలోకి గాలి వెళ్లి ఉంటుంది. పంపకూడదు.

ఇవాళ రెండో జార్ వంతు. పన్నెండు రోజుల కిందట వేసింది. పండుమిర్చి రెండుంపావు కిలోలు తెస్తే తొడిమలు, మెత్తబడినవి, మచ్చలున్నవి పోను రెండు కిలోలు మిగిలాయి. అందులో అర కిలో వరంగల్ చపాట. 2025లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చాక పేరు అందరికీ తెలిసింది కానీ, పచ్చళ్ల వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నదే. కారం తక్కువ, రంగు ఎక్కువ, కండ మందం. మామూలు పండుమిర్చి ఒక్కదానితోనే చేస్తే కారం నాలుకను పట్టేసి మిరప రుచి తెలియదు. చపాట పావు వంతు పడితే సాస్ చిక్కగా వస్తుంది, ఎరుపు నిలుస్తుంది.

కాయల్ని తొడిమలతోనే కడగాలి, నీడలో గుడ్డ మీద ఆరాకే తొడిమలు తీయాలి. ముందే తీస్తే ఆ కన్నంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. కొరివికారం పెట్టే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు. పులియబెట్టే సాస్‌కు కాస్త తడి పచ్చడికి చేసినంత చేటు చెయ్యదు కానీ, ఉప్పు లెక్క తప్పుతుంది. ఆ లెక్క ఇది: మిర్చి 2 కిలోలు, వెల్లుల్లి 150 గ్రాములు, మొత్తం 2150 గ్రాములు. అందులో 3 శాతం ఉప్పు, అంటే 65 గ్రాములు. ఇక్కడ చెంచాలు పనికిరావు. దొడ్డుప్పు చెంచాకూ సన్నుప్పు చెంచాకూ బరువులో చాలా తేడా ఉంటుంది, తూచే వేయాలి. ఉప్పు 2 శాతం కంటే తగ్గితే మంచి బ్యాక్టీరియా కంటే ముందు చెడ్డవి అందుకుంటాయి. 6, 7 శాతం దాటితే పులుపు రావడానికి వారాలు పడుతుంది.

కచ్చాపచ్చాగా రుబ్బి మూడు లీటర్ల గాజు జారులో మూడొంతులకే నింపాను. పైన ఉప్పునీళ్లు పోసిన జిప్ కవరు బరువుగా పెట్టాను. రెండో రోజుకల్లా ముద్ద ఉబ్బి పైకి లేస్తుంది, కింద నీరు చేరుతుంది. రోజుకోసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి. పైన తెల్లగా పలుచటి పొర కడితే అది ఈస్టు, తీసేయొచ్చు. నూగుగా, ఆకుపచ్చగానో నల్లగానో కనిపిస్తే అది బూజు. అప్పుడు పైపైన తీసి వాడుకోవడం కుదరదు, జార్ మొత్తం పారబోయాల్సిందే. ఈ చలికి పన్నెండు రోజులు పట్టింది, మే నెల ఎండల్లో అయితే వారంలోపే అయిపోతుంది. బుడగలు ఆగిపోయి మూడు రోజులైతే పులియడం నెమ్మదించినట్టు. ఆగినట్టు కాదు. ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో పార్సిల్ దగ్గర చెబుతాను.

తొమ్మిదింటికి మీటర్ల పని. పీహెచ్ పెన్ను పులుపును కొలుస్తుంది, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. దాని వెంట వచ్చే 4.00, 6.86 పొడి పొట్లాల్ని ఒక్కోదాన్ని 250 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి రెండు సీసాల్లో పెట్టుకున్నాను. ముందు 6.86లో, తర్వాత 4.00లో సరిచూసుకుని గానీ సాస్‌లో ముంచను. జారులోని ముద్ద 3.81 చూపించింది. మూసిన సీసాల్లో విషం పుట్టించే బొట్యులినం బ్యాక్టీరియా 4.6 కంటే కింద పెరగలేదు. ఆ గీతకు ఆనుకుని ఉండటం నాకు ఇష్టం లేదు, సీసాలోకి వెళ్లేటప్పటికి 3.6 కంటే కిందే ఉండాలి. వెల్లుల్లి ఉన్నప్పుడు మరీను. వేడి సాస్‌లో పెన్ను ముంచితే అంకె నమ్మలేం, గది వేడికి చల్లార్చాకే చూడాలి. వాడాక కొనను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి కానీ అందులో నిల్వ ఉంచకూడదు. దానికోసం ఇచ్చే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి.

థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టి చూస్తే 98 చూపించింది. చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. 100 చూపిస్తేనే అనుమానించాలి.

ముద్దలో వెనిగర్ 600 మి.లీ. పోసి మిక్సీలో మెత్తగా తిప్పి స్టీలు జల్లెడలో వడకట్టాను. పైన దాదాపు 600 గ్రాముల గింజలు, తొక్క మిగిలాయి. (దీన్ని ఎండబెట్టి పొడి కొడితే పుల్లపుల్లగా, ఉప్పుప్పగా వస్తుంది. జామకాయ ముక్కల మీద చల్లుకుంటే ఇక వేరే కారం గుర్తుకు రాదు.) వెనిగర్ కొనేటప్పుడు సీసా మీద ఆమ్లం శాతం చదవాలి. ఇది 4 శాతంది. కిందికి దిగిన సాస్ 2200 గ్రాములు. రెండు రోజులకే నీరు పైకి తేలి విడిపోకుండా జాంథన్ గమ్ అనే పొడి 3 గ్రాములు. ఇది నేరుగా చల్లితే చేపకళ్లలా ఉండలు కడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా విడవవు. 30 గ్రాముల పంచదార పొడిలో కలిపి, మిక్సీ తిరుగుతుండగా కొద్దికొద్దిగా వేయాలి. 5 గ్రాములు దాటితే సాస్ జిగురుగా సాగి సీసాలోంచి గడ్డలా పడుతుంది.

కాచడం స్టీలు గిన్నెలోనే. అల్యూమినియం, ఇనుము ఈ పులుపుకు అరిగిపోతాయి, రుచి మారుతుంది. కిటికీలన్నీ తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, కళ్లజోడు పెట్టుకుని నిలబడాలి. వెనిగర్ ఆవిరితో కలిసిన మిరప ఘాటు తాలింపు ఘాటు లాంటిది కాదు, గొంతులోకి దిగి పట్టుకుంటుంది. చేతులకు గ్లౌజులు ఉండాలి. అయినా అంటుకుంటే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. మిరప మంట నీళ్లకు కరగదు.

85 డిగ్రీలకు వచ్చాక పది నిమిషాలు అక్కడే నిలిపాను. పక్క పొయ్యి మీద వేడినీళ్లలో సీసాలు ఉన్నాయి. చల్లటి గాజులో 85 డిగ్రీల సాస్ పోస్తే అడుగున గీత పడి చీలుతుంది. పెట్ ప్లాస్టిక్ సీసాలైతే ఆ వేడికి ముడుచుకుపోతాయి, అందుకే గాజు. ఒక్కో సీసాలో పోయాల్సిన 100 మి.లీ. సాస్ తూస్తే 106 గ్రాములు వచ్చింది, కాబట్టి ప్రతి సీసానూ త్రాసు మీద పెట్టి 106 గ్రాములకు నింపాను. కంటి కొలత కంటే ఇదే నిజాయితీ, కొన్నవాళ్లకు ఒక్కరికీ తగ్గదు.

పదకొండో సీసా దగ్గర గిన్నెలో వేడి 79కి పడిపోయింది. ఇక్కడే చాలామంది 'ఇంకెన్ని, తొమ్మిదేగా' అని కానిచ్చేస్తారు. ఆపి, మళ్లీ 85కు తెచ్చి మిగతావి నింపాను. నింపిన వెంటనే వేడినీళ్లలో పిండిన గుడ్డతో అంచు తుడవడం, బిరడా నొక్కడం, మూత బిగించడం, మూడు నిమిషాలు పక్కకు పడుకోబెట్టడం. మూత లోపలివైపూ ఆ వేడి తగలాలి కదా. తర్వాత నిలబెట్టి దానంతట అది చల్లారనిచ్చాను. చల్లారేకొద్దీ సాస్ కాస్త కుంచించుకుని మట్టం దిగుతుంది, అది లోటు కాదు. ప్లాస్టిక్ మూతలు చల్లారాక కొంచెం పట్టు వదులుతాయి, సాయంత్రం ఒకసారి మళ్లీ బిగించి చూడాలి.

19 సీసాలు, ఇంకో అర సీసా. చల్లార్చిన అర సీసాలో పీహెచ్ 3.52.

మధ్యాహ్నం నిన్నటి 18కి లేబుళ్లు. గాజు పూర్తిగా పొడిగా ఉంటేనే అంటించాలి. పేరు, వాడిన దినుసులు ఎక్కువ నుంచి తక్కువకు, నికర పరిమాణం, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్ని పన్నులతో కలిపి ధర, చిరునామా, ఫోను, శాకాహారపు ఆకుపచ్చ చుక్క, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. ఇంట్లో చేసి నలుగురికే అమ్మినా ఆ రిజిస్ట్రేషన్ కావాలి. ఇంక్‌జెట్ ప్రింటయితే తడి చెయ్యి తగలగానే అక్షరాలు కరుగుతాయి, లేజర్ ప్రింటే తీయించాలి.

నాలుగు సీసాల పార్సిళ్లు మూడు ఉన్నాయి: విజయవాడ, విశాఖ, బెంగళూరు. సోమవారం పంపడంలో ఒక లెక్క ఉంది. శుక్రవారం బుక్ చేస్తే ఆదివారమంతా ఏదో గోడౌన్ రేకుల కింద మగ్గుతుంది. కాచకుండా నింపిన సాస్ చెడడానికి అంతే చాలు. లోపల మిగిలిన సూక్ష్మజీవులు వేడికి మళ్లీ లేస్తాయి, గ్యాసు కడుతుంది, మూత పైకి తన్నుతుంది. పులిశాక బెల్లమో మామిడి గుజ్జో కలిపి, కాచకుండా మూత పెడితే ఇంకా తొందరగా అవుతుంది, వాటికి కొత్త మేత దొరికింది కాబట్టి. ఫ్రిజ్‌లో పెట్టుకుని తినేవాళ్లు పచ్చిగా ఉంచుకోవచ్చు, ఆ రుచి వేరే. పెట్టెలోకి వెళ్లే సీసాలో మాత్రం ఇంకా పులిసేదేదీ ఉండకూడదు.

ఒక్కో సీసాకు మూత మీదుగా టేపు, ఆపైన జిప్ కవరు, ఆపైన బబుల్ షీటు రెండు చుట్లు. అడుగుకూ మెడకూ ఇంకో చుట్టు. జిప్ కవరు ఎందుకంటే, ఒకటి పగిలినా మిగతా మూడూ శుభ్రంగా చేరాలి. మధ్యలో అట్ట గడులు, అడుగున ఒలికినదాన్ని పీల్చుకునే పాత నూలుగుడ్డ, నలిపిన పేపరు. సీసాకూ పెట్టె గోడకూ మధ్య ఖాళీ వదలకూడదు. మూసి చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే విప్పి మళ్లీ కూరాలి. పెట్టె 22, 16, 14 సెంటీమీటర్లు, ఐదు పొరలది. తూస్తే 1070 గ్రాములు. కొరియర్ వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు, దీనికి 0.99 కిలో వస్తుంది, అసలు బరువుకే డబ్బు కట్టాలి. అవే నాలుగు సీసాల్ని 30, 20, 20 పెట్టెలో పెడితే 2.4 కిలోల లెక్క పడుతుంది. ఖాళీకి డబ్బు కట్టినట్టే, పైగా లోపల అంతా కదులుతుంది.

మూడింటిలో ఒకదాన్ని నడుమెత్తు నుంచి గచ్చు మీద వదిలి చూశాను, మూల మీద పడేలా. మూల నొక్కుకుంది, లోపల ఏమీ కాలేదు. నొక్కుకున్న పెట్టె మార్చాను.

పోస్టాఫీసు కౌంటర్లో, "లోపల ఏముందమ్మా?" అని అడిగారు.

"మిర్చి సాసండీ. గాజు సీసాలు నాలుగు. కవర్లలో పెట్టి, కింద గుడ్డ వేశాను."

ఆమె పెట్టెను ఒకసారి ఊపి, చప్పుడు లేకపోయేసరికి త్రాసు మీద పెట్టారు. ద్రవం అన్న మాట దాచి 'పచ్చడి' అనో 'గిఫ్ట్' అనో రాయించడం నాకు సమ్మతం కాదు. కారని సీసా, ఒలికితే పీల్చుకునే సరుకు, గట్టి పెట్టె, ఇవి ఉంటే దాచాల్సిన పని లేదు.

రాత్రి తొమ్మిదిన్నర. ఇవాళ్టి 19 మూతలూ మరోసారి బిగించాను, నాలుగు కొంచెం తిరిగాయి. కొత్త పేపరు పరిచి తలకిందులు చేశాను. నిన్నటి బ్యాచ్‌లోంచి రెండు సీసాలు పక్కన పెట్టాను, ఒకటి పొయ్యి పక్క అరలో, ఒకటి ఫ్రిజ్‌లో. నెల తర్వాత రెండింటి రంగు, పీహెచ్ పక్కపక్కన చూడాలి. బిరడాలు ముప్ఫైకి తక్కువే ఉన్నాయి, బేగంబజార్ వెళ్లాలి.