3.06

లా స్కూల్ దరఖాస్తులో లెక్కకొచ్చే నా జీపీఏ (నాలుగుకి సగటు గ్రేడు) ఎంతో చూపిస్తూ, సలహాదారు మేడమ్ కాలిక్యులేటర్ నా వైపు తిప్పారు. 3.06. మా కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో చూస్తే 3.2.

ఆ తేడా అంతా ఒక్క ఆర్గానిక్ కెమిస్ట్రీది. మొదటిసారి ఎఫ్ (ఫెయిల్), మళ్ళీ చదివితే 'ఏ' గ్రేడు. కాలేజీ పాతదాన్ని లెక్కలోంచి తీసేసింది. అమెరికాలో లా స్కూళ్ళ దరఖాస్తులు చూసే సంస్థ ఎల్‌శాక్ వాళ్ళు మాత్రం రెండూ కలుపుతారట. లా స్కూళ్ళు చూసేది వాళ్ళ లెక్కనే. రెండేళ్ళుగా ఆ ఎఫ్ పోయిందనే అనుకుంటున్నా.

బస్సులో కూర్చుని లెక్క వేశా. మిగిలిన 30 క్రెడిట్లలోనూ అన్నీ 'ఏ' గ్రేడులే వస్తే 3.29. అంతే. 'ఏ ప్లస్'కి ఎల్‌శాక్ వాళ్ళు 4.33 ఇస్తారు గానీ మా కాలేజీలో ఏ ప్లస్సే లేదు. డిగ్రీ అయ్యాక ఇంకేదైనా కోర్సు చేసి పెంచుకుందామా అంటే, మొదటి డిగ్రీ చేతికొచ్చాక తెచ్చుకునే మార్కులు ఇందులో కలవవు.

అందుకే ఒక సెమిస్టర్ ఆలస్యంగా పట్టా తీసుకుందామా అని ఆలోచిస్తున్నా. ఫీజు గుర్తొస్తే గుండె బరువెక్కుతోంది.

రాత్రి నాన్నకి ఫోన్‌లో అంతా చెప్పేశా, ఆ ఎఫ్ సంగతి కూడా. ఇన్నాళ్ళూ దాచాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఏడాది నీకు ఒంట్లో బాగాలేదు కదమ్మా, అది రాయడానికి వీలుందా?" అన్నారు.

ఉంది. దరఖాస్తుతో పాటు చిన్న వివరణ జతచేయొచ్చు. ఇప్పుడే మొదటి వాక్యం రాశాను.