హస్త నక్షత్రం పక్కన

"నాన్నా, ఇవి కొట్టుకుంటున్నాయా, కావలించుకుంటున్నాయా?"

కరెంటు పోయి డాబా మీద చాప వేసుకున్నాం. చుక్కలు ఎంత బాగా కనిపించాయో! దక్షిణం వైపు, చిత్తకి కాస్త దూరంలో ఉన్న హస్త నక్షత్రాన్ని పాపకి చూపించి, అటువైపే ఉన్న, ఒకదాన్నొకటి ఢీకొంటున్న రెండు యాంటెన్నా గెలాక్సీల ఫొటో ఫోన్‌లో తెరిచి చూపించాను. హబుల్ టెలిస్కోప్ తీసిన ఫొటో.

రెండు పసుపు ముద్దలు. వాటి చుట్టూ చెదిరిపోయిన నీలం చుక్కలు, గోధుమరంగు ధూళి చారలు, అక్కడక్కడా గులాబీ మరకలు. ఒకప్పుడు రెండూ చక్కటి సుడుల్లాంటి సర్పిలాలే. దూరం నుంచి తీసిన ఇంకో ఫొటోలో రెండు పొడవాటి తోకలు, అచ్చం మిడత మీసాల్లా. అవి ఒకదాని ఆకర్షణకి ఇంకోదాంట్లోంచి బయటికి విసిరేసినట్టు వచ్చిపడ్డ నక్షత్రాలని 1972లో శాస్త్రవేత్తలైన టూమ్రే అన్నదమ్ములు కంప్యూటర్‌లో లెక్క కట్టి చూపించారు.

"నక్షత్రాలు ఒకదానికొకటి దాదాపు తగలవమ్మా, మధ్యలో అంత ఖాళీ. గుద్దుకునేవి వాయువు మేఘాలు. ఆ ఒత్తిడికి కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఈ గులాబీ మరకలు వాటి పురిటిగదులు" అన్నాను.

ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"అయితే కావలించుకుంటున్నాయి."

నాకు గొంతు పట్టేసింది. ఆ వెలుగు అక్కడ బయల్దేరి దాదాపు 7 కోట్ల ఏళ్లు. అప్పుడు ఇక్కడ డైనోసార్లు తిరుగుతున్నాయి. ఈ రాత్రి అది నా కూతురి అరచేతిలో ఉంది.

కరెంటు వచ్చింది. ఇద్దరం లేవలేదు.