నిమ్మ ఉప్పుతో ఉండలు కట్టిన పల్ప్

మాది రాజమండ్రి. పేపర్ మిల్లు వాసన పీలుస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి పల్ప్ గురించి, అంటే కలప నుంచి తీసే పోగుల గుజ్జు గురించి, నాకొకరు చెప్పేదేముంది అనుకునేవాణ్ణి. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న పైలట్ ప్లాంటులో చేరిన మూడు వారాలకే ఆ పొగరు దిగిపోయింది.

మా పని డైపర్ పై పొర కింద వేసే ఫైబర్ తయారు చేయడం. మామూలు పల్ప్ పోగు తడవగానే మెత్తబడి చతికిలబడుతుంది. రెండోసారి తడి వస్తే దిగడానికి సందు ఉండదు. అదే పోగు లోపల దానికి మూలపదార్థమైన సెల్యులోజ్ గొలుసుల్ని ఒకదానికొకటి కట్టేస్తే, మెలితిరిగి బిరుసెక్కి, తడిసినా స్ప్రింగులా నిలబడుతుంది. మా ఊరి మిల్లుకి లారీల్లో వచ్చే సరుగుడు, సుబాబుల్ పోగు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఇక్కడి లాబ్లాలీ అనే పైన్ చెట్టు పోగు దాదాపు 3 మిల్లీమీటర్లు. అందుకే ఈ పనికి పైన్ వాడతారు.

కట్టేసేది సిట్రిక్ యాసిడ్. మన నిమ్మ ఉప్పే. ఫోన్లో చెబితే అమ్మ కంగారుపడింది. "పసిపిల్లలకి కట్టేదాంట్లో నిమ్మ ఉప్పేంట్రా, మంటెత్తదూ?" ఓవెన్లో కాగాక చాలావరకు పోగుకే అంటుకుపోతుందమ్మా అన్నాను. నమ్మినట్టు లేదు. నిజానికి ఇది ఇస్త్రీ అక్కర్లేని కాటన్ చొక్కాల నుంచి వచ్చిన విద్య. వాటికి ఫార్మాల్డిహైడ్ రెజిన్లు వాడేవారు. న్యూ ఆర్లీన్స్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రంలో పనిచేసిన క్లార్క్ వెల్చ్, ఇలాంటి ఆమ్లాలతో ఫార్మాల్డిహైడ్ లేకుండానే పని జరుగుతుందని 1988లో ప్రచురించాడు. ఆ ముడులు త్వరగా పడేందుకు తోడుగా వేసే సోడియం హైపోఫాస్ఫైట్ మా ట్యాంకులోనూ ఉంది.

చెప్పడానికి పని తేలికే. పల్ప్ చుట్ట విప్పి ఆ షీటుని సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో ముంచాలి, రోలర్ల మధ్య పిండాలి, ఆరబెట్టాలి, సుత్తులు తిరిగే హామర్ మిల్లులో దూదిలా విడగొట్టాలి, ఆ దూదిని 180 డిగ్రీల దగ్గర ఓవెన్లో కాల్చాలి. మొదటివారమంతా తడి షీటు పుటుక్కున తెగిపోయేది. లైను స్పీడు తగ్గించాను, తెగడం ఆగింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఉండలు అప్పుడే మొదలయ్యాయి. గాజు బీకరులో నీళ్లు పోసి, కాలిన ఫైబర్ చిటికెడు వేసి గిలక్కొట్టి, వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. మంచిదైతే పొగమంచులా విడిపోతుంది. మాది సరిగా కలపని జావలా ఉంది, ఎటు చూసినా తెల్లటి చుక్కలు. వేళ్ల మధ్య నలిపినా విడిపోలేదు. 40 దాకా లెక్కపెట్టి వదిలేశాను.

అందరం హామర్ మిల్లునే అనుమానించాం. సుత్తులు మార్చాం, జల్లెడ మార్చాం, స్పీడు పెంచాం. ఉండలు తగ్గలేదు సరికదా, పోగులు తెగి దుమ్ము పెరిగింది. పది రోజులు అలా పోయాయి.

ఒక రాత్రి షిఫ్టులో మిల్లులోకి పోబోయే షీటు ముక్క చింపి చూశాను. మధ్యలో మెత్తగా దూదిలా ఉంది. పై తోలు మాత్రం లేత పసుపు రంగులో అట్టలా పెళపెళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన పంచదార వాసన. ఈ వాసన ఓవెన్ దగ్గర రావాలి గానీ ఇక్కడ రాకూడదు.

లైను నెమ్మదించింది నేనే, డ్రైయరు వేడి తగ్గించనిదీ నేనే. షీటులో నీళ్లున్నంతసేపూ అది పెద్దగా కాగదు. నీళ్లు అయిపోయాక గాలి వేడికి చేరుకుంటుంది. పైగా ఆరేటప్పుడు నీళ్లతో పాటు ఆమ్లమూ పైకి తేలి, తోలులోనే పేరుకుంటుంది. పోగు లోపల పడాల్సిన ముడులు, షీటులో పక్కపక్కన ఆనుకున్న పోగుల మధ్య పడిపోయాయి. ఉప్మా రవ్వ ఉండ కట్టి ఉడికిపోయాక గరిటెతో ఎంత కొడితే మాత్రం ఏం లాభం? మిల్లుని అనవసరంగా తిట్టుకున్నాం.

డ్రైయరు గాలిని 190 నుంచి 120 డిగ్రీలకి దించి, కాస్త చెమ్మ ఉండగానే షీటుని మిల్లుకి పంపాం. బీకరులో ఇప్పుడు ఆరే చుక్కలు.

అమ్మకి ఫోటో పంపాను. "దూది బాగానే ఉంది గానీ, పాతబడ్డట్టు పచ్చగా ఉందేంట్రా?" అంది. మా క్వాలిటీ వాళ్ల కంప్లైంటూ అదే. ఓవెన్ వేడికి సిట్రిక్ యాసిడ్ కొంత నీరు కోల్పోయి అకోనిటిక్ యాసిడ్‌గా మారుతుంది, పసుపు అక్కడి నుంచే. సోమవారం ఓవెన్‌ని పది డిగ్రీలు తగ్గించి చూడాలి.