వబకీమి పడవ యాత్రకు తిరుపతిలో ఏర్పాట్లు

కెనడా అడవిలో పడవ యాత్ర అంటే మా ఇంట్లో ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు, ఆ పడవను మధ్య మధ్య నేనే నెత్తిన పెట్టుకుని మోయాలని తెలిసేదాకా.

వబకీమి ప్రొవిన్షియల్ పార్కు కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, థండర్ బే నగరానికి ఉత్తరాన ఉంది. విస్తీర్ణం సుమారు 8,900 చదరపు కిలోమీటర్లు. అంతా సరస్సులు, వాటిని కలిపే నదులు, స్ప్రూస్ చెట్ల అడవి. కెనూ అనే సన్నటి తేలిక పడవలో తెడ్డు వేసుకుంటూ పోవాలి. జలపాతమో, సుడుల ప్రవాహమో అడ్డొస్తే దిగి, పడవనూ సామానునూ కాలిబాటన అవతలికి మోయాలి. తేలిక రకం కెనూ 20 కిలోలు తూగుతుంది, అల్యూమినియందైతే 30 దాటుతుంది.

థండర్ బేలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోనులో అన్న మొదటి మాట, "మామా, లోపలికి ఎలాగైనా పోతాం. బయటికి ఎలా వస్తామో ముందు చూద్దాం" అని. వాడు అన్నది నిజం. టొరంటో నుంచి వాంకూవర్ వెళ్లే 'కెనడియన్' రైలు ఆ అడవి మీదుగానే పోతుంది. ముందుగా చెప్పుకుంటే ఊరూ పేరూ లేని చోట కూడా ఆపి, పడవతో సహా దింపుతుంది. కానీ అది రోజూ నడిచే రైలు కాదు. పైగా గూడ్సు బళ్లకు దారిచ్చి గంటల తరబడి ఆలస్యమవుతుంది. రేణిగుంట ఔటర్‌లో పావుగంట ఆపితేనే గొణుక్కునే మనం, తిండి నిండుకున్నాక దోమల మధ్య పట్టాల పక్కన ఎదురుచూడగలమా? నీటి మీద దిగే విమానం ఖరీదెక్కువ, వాతావరణం బాగాలేకపోతే ఎగరదు.

అందుకని వెళ్లేటప్పుడు మాత్రమే రైలు అనుకున్నాం. అలన్‌వాటర్ బ్రిడ్జి దగ్గర దిగి, నది వాలున వబకీమి సరస్సుకు, అక్కడి నుంచి స్మూత్‌రాక్, కారిబూ సరస్సుల మీదుగా లిటిల్ కారిబూకు చేరాలి. అక్కడికి ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచి రోడ్డుంది.

రోజుకు ఎంత దూరమన్న దగ్గర మాకు వాదన జరిగింది. 1:50,000 మ్యాపుల మీద దారం పెట్టి కొలిస్తే అంతా సులువుగానే కనిపించింది. పెద్ద సరస్సులో గాలి లేస్తే మాత్రం ఒడ్డున డేరా వేసుకుని కూర్చోవడమే, గత్యంతరం లేదు. అలాంటి రోజుల కోసం ఖాళీ వదలాలని నేను, సెలవులు చాలవని వాడు. నా మాటే నెగ్గింది. జూన్‌లో కుట్టే ఈగల బెడద ఉంటుంది కాబట్టి ఆగస్టు చివర ఖాయం చేసుకున్నాం.

పార్కులో రాత్రి బసకు అనుమతి ఆన్‌లైన్‌లో దొరికింది. పార్కు హద్దు దాటాక ప్రభుత్వ భూమిలో పడుకోవడానికి మాత్రం విదేశీయులు వేరే పర్మిట్ తీసుకోవాలి. అక్కడే నివసించే మేనల్లుడికి దాని అవసరం లేదు, అందుకే వాడికి తట్టనే లేదు. వీసా కాగితాలు చూసిపెట్టిన పెద్దమనిషి "నయాగరా అని రాయండి, గొడవుండదు" అన్నారు. నేను వబకీమి అనే రాశాను. చెన్నై వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాను, వీసా వచ్చింది.

అడవిలో ఫోను పనిచేయదు, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం కావాలి. దాన్ని ఇక్కడ కొనే ఆలోచనే పెట్టుకోకండి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి దగ్గరుంచుకున్నందుకు విమానాశ్రయాల్లో పట్టుబడినవారున్నారు. థండర్ బేలో అద్దెకు మాట్లాడాం. స్టవ్ గ్యాసు కూడా విమానంలో ఎక్కనివ్వరు కాబట్టి అక్కడే కొనాలి. అడవులు ఎండినప్పుడు నిప్పు రాజేయడం నిషేధిస్తారు, కట్టెల మీద ఆధారపడితే పస్తే.

తిండి విషయంలో మాత్రం తిరుపతి ఎండ కలిసొచ్చింది. టమాటాలు, ఉడికించిన కందిపప్పు మిద్దె మీద ఆరబోస్తే గలగలలాడాయి. రాగిపిండి, నూకలు ఉంటే సంగటికి ఇంకేం కావాలి? ఇవన్నీ అక్కడి కస్టమ్స్ వారికి ప్రకటించాలి. అడవిలో బిగుతు మూత పీపాలో పెట్టి, నల్ల ఎలుగుబంట్ల భయానికి డేరాకు దూరంగా ఉంచాలి.

బరువు మోయడం అలవాటు కావడానికి బియ్యం నింపిన సంచి వీపున వేసుకుని అలిపిరి మెట్లెక్కాను. 3,550 మెట్లు. సామాను ఉచితంగా పైకి చేరుస్తామన్నా ఇవ్వనంటుంటే కౌంటరులో ఆయన మొక్కుబడి అనుకున్నాడు. నేనూ కాదనలేదు.

చివరగా, ఏ రాత్రి ఎక్కడ ఉంటామో రాసిన కాగితం ఒకటి అక్కకు ఇచ్చాను. అడుగున ఒక తేదీ ఉంది, అది దాటితే ఆంటారియో ప్రొవిన్షియల్ పోలీసులకు ఫోను చేయాలి. "అంతవరకు ఎందుకు, రెండు రోజుల ముందే చేస్తాను" అంది. గాలి కోసం వదిలిన రోజుల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. రోజూ రాత్రి ఒక సందేశం పంపాలన్న షరతు మీద ఒప్పుకుంది.