టీఎంటీ పాజిటివ్ అన్నారు

మా కోనసీమలో ఎక్కడమంటే ఏటిగట్టు ఎక్కడమే. మిగతాదంతా చదును. అలాంటిది 47 ఏళ్లొచ్చాక నా చేత ఏసీ గదిలో కొండెక్కించారు. గుండె దగ్గర అప్పుడప్పుడూ చురుక్కుమంటోందంటే ఈసీజీ, ఎకో తీశారు. రెండూ బాగానే ఉన్నాయి, ట్రెడ్‌మిల్ టెస్టు (టీఎంటీ) కూడా చేసేద్దామన్నారు. చీర, చెప్పులు కుదరవన్నారు. పంజాబీ డ్రెస్సు, మా అబ్బాయి షూలతో మిషన్ ఎక్కాను.

మూడు నిమిషాలకోసారి వేగమూ ఎత్తూ పెంచుతారు. మొదట గంటకు 2.7 కిలోమీటర్లు, మూడో దశకి 5.5. ఎనిమిది నిమిషాలు నడిచాను. పిక్కలు లాగేశాయి, ఆయాసం వచ్చింది, నొప్పి మాత్రం రాలేదు. గుండె వేగం 158 దాకా వెళ్లింది. 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం అందుకోవాలట. నాకు 147.

అరగంటకి కౌంటర్లో కవరు చేతిలో పెట్టారు. లోపల ‘పాజిటివ్’ అని ఉంది. ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. శనివారం సాయంత్రం మరి! ఆ రెండు రోజులూ మా అత్తగారు నన్ను బిందె ముట్టుకోనివ్వలేదు. మా మరిదైతే రాజమండ్రిలో స్టెంటు ఖరీదు కూడా కనుక్కున్నాడు.

సోమవారం కాకినాడలో వేరే కార్డియాలజిస్టుకి చూపించాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, ముందు నన్ను అడిగారు.

“నడిస్తే వస్తుందామ్మా నొప్పి?”

“లేదండి, కూర్చున్నప్పుడే.”

షుగరు, బీపీ లేవని చెప్పాను. ఆయన కాగితం తీశారు. “మీలాంటివాళ్లు వందమందిలో పదిమందికి గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందనుకోండి. ఈ టెస్టు వాళ్లలో ఓ ఏడుగురిని పట్టుకుంటుంది. జబ్బు లేని 90 మందిలోనూ ఇరవై మందికి పాజిటివ్ అంటుంది.” అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బున్నది నాలుగో వంతే. ఆడవాళ్లకి ఇలాంటి తప్పుడు పాజిటివ్‌లు ఇంకా ఎక్కువట. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, నాకే తట్టలేదు.

ఇంకో లెక్కా వేశారు. నడిచిన నిమిషాలు 8. ఈసీజీలో ఎస్టీ అనే భాగం గీత మామూలు కంటే కిందకి దిగిన ప్రతి మిల్లీమీటరుకీ 5 తీసెయ్యాలి. నాది ఒకటే దిగింది. నొప్పి వచ్చుంటే ఇంకో 4, దానివల్లే టెస్టు ఆపాల్సి వస్తే 8. నాకు మిగిలింది 3. అయిదూ అంతకంటే ఎక్కువైతే భయం తక్కువ, మైనస్ 11కి దిగితే ప్రమాదం. నేను మధ్యలో ఉన్నాను కాబట్టి సీటీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల స్కాన్, తీయించారు. ఎక్కడా అడ్డు లేదు.

ఇంటికొచ్చాక మరిది నవ్వాడు. “వదినా, నాకు పోయినేడే నెగటివ్ వచ్చింది, ఆయ్.” వాడికి షుగరు, పైగా సిగరెట్టు. వంతెన ఎక్కితే గుండె పట్టేసినట్టుంటుందని నాతోనే అన్నాడు. ఆ కాగితం తెమ్మన్నాను. కాళ్ల నొప్పులని నాలుగో నిమిషంలోనే దిగిపోయాడు, గుండె వేగం 118 దాటలేదు. 44 ఏళ్లవాడికి 150 రావాలి. టెస్టే పూర్తి కాకపోతే నెగటివ్ ఎక్కడిది?

మర్నాడు పొద్దున్నే వాణ్ణి కాకినాడ బస్సెక్కించాను.