గేజు మీద కొత్త గీత

నెల రోజులుగా వెనుక భాగం బోసిగా షెడ్డులో నిలబడి ఉన్న వ్యాన్‌లోకి ఈ రోజు ఇంజన్ ఎక్కింది. ఎక్కేసరికి సాయంత్రం నాలుగయింది గానీ, ఉదయం ఎనిమిదింటికి జాకీ లోపలికి తోసినప్పుడు పదింటికల్లా పని ముగుస్తుందనే ధీమాతోనే ఉన్నాను.

వ్యాన్ ఫోక్స్‌వ్యాగన్ టీ3, అంటే 1979లో వచ్చిన మూడో తరం. ఇంజన్ వెనుక, రేడియేటర్ ముందు, ఇంధనం ట్యాంకు ముందు సీట్ల కింద ఉండే బండి ఇది. దీనిలోకి వెళ్లినది 1990లలో అదే కంపెనీ కార్లలో విరివిగా వచ్చిన 1.9 లీటర్ల టీడీఐ, అంటే టర్బో డీజిల్ ఇంజన్. 1896 సీసీ, 90 హార్స్‌పవర్. టీ3కి కంపెనీ తనంతట తానే 1981లో 1.6 లీటర్ల డీజిల్ ఇంజన్ అమర్చింది. అది 50 హార్స్‌పవర్ ఇంజన్ కాబట్టి, నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక వచ్చే వాళ్ల ఓపికను కూడా పరీక్షించేది. అయినా ఆ ఇంజన్‌కు నేను రుణపడి ఉన్నాను. రెండింటి బ్లాకూ ఒకే వంశానిది కావడం వల్ల, పాత డీజిల్ వ్యాన్ నుంచి తీసిన బెల్ హౌసింగ్ (ఇంజన్‌ను గేర్‌బాక్సుకు కలిపే గంట ఆకారపు తొడుగు), మౌంటింగులు (ఇంజన్‌ను పట్టి ఉంచే ఆధారాలు), ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దీనికి సరిపోయాయి.

గేర్‌బాక్సు మాత్రం డీజిల్ వ్యాన్‌ది తీసుకోలేదు. 50 హార్స్‌పవర్‌తో బండిని లాగించడానికి దాని గేర్లను పొట్టిగా, అంటే ఇంజన్ ఎక్కువసార్లు తిరిగితే గానీ చక్రం ఒకసారి తిరగనట్టు పెట్టారు. దానికి ఈ ఇంజన్ తగిలిస్తే టాప్ గేరులో కూడా అరుస్తూనే ఉంటుంది. వ్యాన్‌లో ఇంతకుముందున్న పెట్రోల్ ఇంజన్ తాలూకు గేర్‌బాక్సునే ఉంచి, బెల్ హౌసింగ్ ఒక్కటి మార్చాను.

ఉదయం ఆటంకం అక్కడే వచ్చింది. ఇంజన్ పైకి లేచింది, గేర్‌బాక్సుకు ఎదురుగా నిలిచింది, దగ్గరకు జరిగింది, సరిగ్గా ఒక సెంటీమీటరు మిగిలి ఉండగా మొండికేసింది. ఊపాము, వెనక్కు తీశాము, ఇంజన్ ఇరుసును, అదే క్రాంకును, స్పానరుతో కొంచెం తిప్పి మళ్లీ తోశాము. ఆ సెంటీమీటరు అలాగే ఉండిపోయింది. పొడుగు బోల్టులు వేసి బిగిస్తే అదే దగ్గరకు వస్తుందన్న ఆలోచన నాకు రాకపోలేదు, చేయి స్పానరు మీదకు వెళ్లనూ వెళ్లింది. సాయానికి వచ్చిన పెద్దాయన, లారీల మీద ఏళ్ల తరబడి పని చేసినవారు, నన్ను ఆపారు.

“బోల్టుతో లాగితే వస్తుంది బాబూ, కాకపోతే పగిలి వస్తుంది. క్లచ్ ప్లేటు మధ్యకు ఎలా పెట్టావు?”

“కంటితో చూసి పెట్టానండీ.”

గేర్‌బాక్సు నుంచి వచ్చే ఇరుసు ఆ ప్లేటు మధ్యలోంచే దూరాలి. ఆయన ఏమీ అనలేదు. ఒక కర్ర ముక్కకు టేపు చుట్టి, క్లచ్ ప్లేటు పళ్లలోకి ఒక కొస, ఇంజన్ కొసన ఉండే బరువైన చక్రం, ఫ్లైవీల్, మధ్య రంధ్రంలోకి రెండో కొస వదులు లేకుండా పట్టేలా సరిచేశారు. ఇంజన్‌ను కిందికి దించి, క్లచ్ కవరు బోల్టులు సడలించి, ఆ కర్ర ఆధారంగా ప్లేటును నిలబెట్టి తిరిగి బిగించాక, మూడు గంటలు బతిమాలినా రాని సెంటీమీటరు ఒక్క తోపుకు వచ్చేసింది. నా కంటి మీద నాకున్న గౌరవం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

అసలు సంగతి వంపులో ఉంది. కారులో ఇంచుమించు నిటారుగా నిలబడే ఈ ఇంజన్, టీ3లో ఎడమ పక్కకు 50 డిగ్రీలు వాలి పడుకోవాలి. లేకపోతే వెనుక సామాను పెట్టే పలక కింద మూత పడదు. వాల్చడం మౌంటింగుల పనే గానీ, వాలిన ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. అందుకే కారు సంప్ పనికిరాదు, వ్యాన్ సంప్‌తో పాటు ఆయిల్‌ను పీల్చే గొట్టం కూడా దానిదే ఉండాలి. ఆ రెండూ నా దగ్గర ఉన్నాయి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే గేజు, వ్యాన్‌దే దొరకలేదు. కారు గేజును దూర్చగలిగాను కానీ, దాని మీద ఉన్న గీతలు నిటారు ఇంజన్ కోసం గీసినవి. వాటిని నమ్మితే ఆయిల్ తక్కువై బేరింగులు పోవచ్చు, ఎక్కువై పొగ రావచ్చు.

మధ్యాహ్నం చిన్న పనులు చకచకా అయ్యాయి. డీజిల్ ఇంజన్‌కు పెట్రోల్ ఇంజన్‌లా గాలిని అడ్డుకునే థ్రాటిల్ లేనందున, బ్రేకు నొక్కడం తేలిక చేసే బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్ దానంతట అది పుట్టదు. ఆ పని కోసం ఉన్న పంపు నుంచి గొట్టం కలిపాను. యాక్సిలరేటర్ కేబులును చుట్ట చుట్టి పక్కన పెట్టాను. ఈ ఇంజన్‌కు పెడల్ నుంచి వెళ్లేది తీగ లాగుడు కాదు, విద్యుత్ సంకేతం. కారు పెడల్‌లోని సెన్సారును పాత పెడల్ కిందే దాచగలిగితే, కూర్చున్నవారి పాదానికి మార్పు తెలియకుండా ఉంటుంది. వైరింగ్ సంగతి ఈ రోజు ఎత్తుకోలేదు, ఆ కట్ట వైపు చూడనైనా చూడలేదు.

సాయంత్రం బండిని నాలుగు చక్రాల మీదకు దించి, నేల మట్టంగా ఉందో లేదో చూసుకుని, ఆయిల్ కొలిచి పోశాను. కనిష్ఠానికి తగినంత పోసి, అరగంట ఆగి, గేజు తీసి చూస్తే తడి పాత గీతకు చాలా దూరంలో ఉంది. అక్కడ మార్కరుతో ఒక గీత పెట్టాను. ఇంకో లీటరు పోసి, మళ్లీ ఆగి, రెండో గీత పెట్టాను. ఆ గీతలను చెరగకుండా గాటు పెట్టేద్దామని ఆకురాయి చేతిలోకి తీసుకున్నాక గుర్తుకు వచ్చింది: ఫిల్టరు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంజన్ మొదటిసారి తిరిగి ఆగిన తరువాత, ఫిల్టరు తాగిన మేరకు మట్టం దిగుతుంది, అప్పుడు ఈ రెండు గీతలూ తప్పు చెబుతాయి. ఆకురాయిని డబ్బాలో పెట్టేశాను. గేజును గుడ్డతో తుడిచి, మార్కరు గీతలు చెరగకుండా జాగ్రత్తగా దాని గొట్టంలోకి దింపి, లైటు ఆర్పాను.