తెల్లసొన గుళికలకు మైనం పూత: ఇప్పటిదాకా తేలింది

కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట. ఇన్సులిన్ లాంటి ప్రోటీన్ మందుల్ని మింగితే కడుపులోని ఆమ్లం, పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ కలిసి వాటిని ముక్కలు చేసేస్తాయి. అందుకే ప్రోటీన్ రేణువులకు కొవ్వు పూత వేసి, మందు మెల్లగా బయటికి వచ్చేలా చేయాలని ల్యాబుల్లో చూస్తుంటారు. నాది దాని వంటింటి నమూనా. మందు బదులు నీలం ఫుడ్ కలర్. తినడానికి మాత్రం కాదు.

గుళికల పని తేలికే. రంగు కలిపిన తెల్లసొనను సూది తీసేసిన సిరంజితో 90 డిగ్రీల నూనెలోకి చుక్కలుగా వదిలితే గట్టిపడతాయి. 100 దాటితే చిటపటలాడి లోపల బుడగలొస్తాయి, కాబట్టి థర్మామీటర్ ఉండాల్సిందే. నూనె అద్దేసి ఫ్యాన్ కింద బాగా ఆరబెట్టాలి. తెల్లసొనలో దాదాపు 90 శాతం నీళ్లే. అందుకే 4 మిల్లీమీటర్ల చుక్క ఆరేసరికి 2 మిల్లీమీటర్లకు దిగి, గాజుపూసలా తయారవుతుంది.

తంటా అంతా పూతతోనే. బెజవాడ వన్‌టౌన్‌లో కొవ్వొత్తుల సామాను అమ్మే కొట్లో స్టియరిక్ ఆమ్లం తెచ్చాను, మైనంలా గట్టిగా ఉండే కొవ్వు ఆమ్లమది. 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగిస్తే మాడదు. గుళికల్ని చిల్లుల గరిటెతో ముంచి, వెంటనే పళ్లెంలో దొర్లించాలి. స్టియరిక్ ఆమ్లం ఒక్కటే వాడితే పూత చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పగులుతుంది. భూతద్దంలో వెంట్రుకవాసి గీతలు కనిపిస్తాయి. నీళ్లలో వేశామా, సరిగ్గా ఆ గీతల్లోంచే నీలం సన్నటి పోగుల్లా దిగుతుంది. రెండోసారి ముంచి మందం పెంచినా పెద్దగా లాభం లేదు, పైపూత కూడా పగిలింది. మూడో వంతు తేనెమైనం కలిపాకే గీతలు తగ్గి, రంగు రావడం బాగా ఆలస్యమైంది. నన్నడిగితే మందం కన్నా పగుళ్లు లేకపోవడమే ముఖ్యం.

పరీక్ష 37 డిగ్రీల నీళ్లలో చేయాలి. మే నెల బెజవాడలో దానికి ఇంక్యుబేటర్ ఎందుకు, గ్లాసు బల్ల మీద పెడితే చాలు! పక్క గ్లాసులో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేశాను. పేగుల్లో పైత్యరసం కొవ్వును నీళ్లతో కలుపుతుంది కదా, దానికి బదులన్నమాట. అందులో రంగు ముందే దిగింది. పేగుల్లో కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైమ్ పని మాత్రం సబ్బుతో జరగదు.

ఇక నిల్వ సంగతి చూడాలి. స్టియరిక్ ఆమ్లం, గ్లిజరిన్ కలిసి ఏర్పడే ట్రైస్టియరిన్ లాంటి కొవ్వును గబుక్కున చల్లారిస్తే ముందు ఆల్ఫా అనే వదులైన అమరికలో స్ఫటికాలుగా గడ్డకడుతుంది. అవి 55 డిగ్రీల దగ్గరే కరుగుతాయి. ఉండేకొద్దీ 73 దాకా నిలిచే బీటా రూపంలోకి మారుతూ, లోపలున్న మందును బయటికి నెట్టేస్తాయి. ట్రైస్టియరిన్ దొరికితే దాంతో పూత వేసి, సగం గుళికల్ని ఫ్రిజ్‌లో, సగం అటక మీద పెడతాను.